చక్రాల మీద గాడిద, గాడిద మీద యేసు: న్యూయార్క్ క్లోయిస్టర్స్‌లో ఓ చెక్క విగ్రహం

హడ్సన్_ఒడ్డున:
మొన్న శనివారం మావాణ్ణి తీసుకుని క్లోయిస్టర్స్‌కి వెళ్ళాం. తెలియనివాళ్ళ కోసం, ఇది మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళదే గానీ ఊరి మధ్యలో ఉండే ఆ పెద్ద భవనం కాదు. మన్‌హట్టన్ పై కొసన, ఫోర్ట్ ట్రయాన్ పార్కులో గుట్ట మీద ఉంటుంది. ఫ్రాన్స్‌లో పాడుబడిన మఠాల స్తంభాలు, ద్వారాలు విప్పి తెచ్చి ఇక్కడ కలిపి కట్టారు, 1938లో తెరిచారు. వచ్చేవాళ్ళంతా యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) బొమ్మలు నేసిన తెరల కోసమే వస్తారు, మేమూ అందుకే వెళ్ళాం. తెరల దగ్గర మావాడికి రెండు నిమిషాల్లో బోర్ కొట్టేసింది. తర్వాత ఇంకో గదిలో "నాన్నా, గాడిద!" అని ఒక్క అరుపు అరిచి అక్కడే అతుక్కుపోయాడు.

నిజంగానే గాడిద. చెక్కది. దాని మీద కాళ్ళకి చెప్పుల్లేకుండా యేసు కూర్చుని ఉన్నాడు. మొత్తం కలిపి దాదాపు ఐదడుగులు ఉంటుంది, అంటే ఆరేళ్ళ పిల్లాడికి అది బొమ్మ కాదు, మనిషే. 15వ శతాబ్దం, జర్మనీ, లైమ్‌వుడ్ మీద రంగులు అని రాసుంది, పేరు పామ్‌ఎసెల్ అట. పామ్ సండే రోజున చక్రాల పలక మీద నిలబెట్టి ఊళ్ళో లాక్కెళ్ళేవాళ్ళట. నాకు ఇక్కడే బుర్ర తిరిగింది. చర్చిలో విగ్రహం అంటే గోడకో పీఠం మీదో కదలకుండా ఉండేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చక్రాలేంటి? పైగా నిమ్మ చెక్కతో ఇంత పెద్దది ఎలా చేశారు, నిమ్మ చెట్టు మాను మహా అయితే నా చెయ్యంత లావుంటుంది కదా?

సూటిగా:
ఐదొందల ఏళ్ళ కిందటి రిమోట్ లేని కారు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది, మనవాళ్ళు రథాలు లాగట్లేదా?

ఇసార్_గట్టు:
మ్యూనిక్ నుంచి. నేను చదివింది కళాచరిత్ర కాదు, చేసేది కోడింగే. ఇక్కడ ప్రభుత్వ మ్యూజియాలకి ఆదివారం ఒక్క యూరోనే టికెట్, దాంతో కొన్నేళ్ళుగా నాకు ఇదో వ్యసనం అయిపోయింది.

ముందు పేరు. పామ్‌ఎసెల్ కాదు, పాల్మ్‌ఏజెల్. ఏజెల్ అంటే గాడిదే. మట్టల గాడిద అనుకోండి. తర్వాత ఆ లైమ్‌వుడ్. నవ్వుతున్నాను, ఏమీ అనుకోకండి, నేనూ మొదట్లో నిమ్మ చెక్కే అనుకున్నాను, మా కొలీగ్ ఒకాయన సున్నం పూసిన చెక్క అనుకున్నాడట. రెండూ కాదు. అది లిండెన్ చెట్టు. బెర్లిన్‌లో ఉంటర్ డెన్ లిండెన్ అనే పెద్ద వీధి ఉంది చూశారా, ఆ లిండెన్. మన నిమ్మతో దానికి ఏ చుట్టరికమూ లేదు, మాను బాగా లావెక్కుతుంది. చెక్క మెత్తగా ఉంటుంది, పోగు అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి ఉలి ఎటు తిప్పినా పెచ్చు లేవదు. దక్షిణ జర్మనీ శిల్పులందరూ దాని మీదే పడ్డారు. ఉత్తరాన, ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం) వైపు ఓక్ వాడారు, అది గట్టిది.

చక్రాల సంగతి పెద్ద కథ, రాత్రికి కూర్చుని రాస్తాను.

తెనాలి_టీచర్:
ఇసార్ గారూ, మట్టల గాడిద అన్నారు చూడండి, అది చదివి నవ్వొచ్చింది గానీ సరిగ్గా అదే మాట. మా చర్చిలో పామ్ సండే అని ఎవరూ అనరు, మట్టల ఆదివారమే. కేథలిక్ వాళ్ళు మ్రానికొమ్మల ఆదివారం అంటారు. ఈస్టర్‌కి ముందు వచ్చే ఆదివారం. యేసు గాడిద నెక్కి యెరూషలేముకి వస్తుంటే జనం కొమ్మలు నరికి దారిలో పరిచి హోసన్నా అన్నారని మత్తయి 21లో ఉంది. రాజు గుర్రం మీద కాకుండా గాడిద మీద రావడం, అదీ అందులో విషయం. యుద్ధానికి వచ్చేవాడు గుర్రం మీద వస్తాడు. జెకర్యా 9:9లో ముందే చెప్పారు.

ఇక మా చిన్నప్పటి సంగతి. ఒక ఏడాది మా ఊళ్ళో పెద్దలకి ఉత్సాహం వచ్చి నిజం గాడిదనే తెచ్చారు. తెల్ల చొక్కా వేసి ఒక పిల్లాణ్ణి దాని మీద కూర్చోబెట్టారు, ముందు బ్యాండు మేళం. డప్పు మీద మొదటి దెబ్బ పడగానే గాడిద వెనక్కి తిరిగి ఒకటే పరుగు, పిల్లాడు పక్కనున్న కాలువ గట్టు మీద పడ్డాడు, దెబ్బ తగల్లేదు గానీ ఆ తర్వాత ఎన్నేళ్ళు అడిగినా మళ్ళీ ఎక్కలేదు. మేం మట్టలు పట్టుకుని నవ్వలేక ఏడవలేక. కాబట్టి చెక్క గాడిద ఎందుకు చేశారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సూటిగా:
హహ. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, మీ ఊరి పెద్దలెంత.

ఇసార్_గట్టు:
టీచర్ గారి గాడిద ముందు నా కథ తేలిపోతుంది. అయినా రాస్తాను.

మొదటి ప్రస్తావన పదో శతాబ్దంలోనే ఉంది. ఆగ్స్‌బర్గ్ బిషప్ ఉల్రిక్ 973లో చనిపోయాడు, ఆ తర్వాత కొద్దికాలానికే రాసిన ఆయన జీవిత చరిత్రలో మట్టల ఆదివారం ఊరేగింపులో గాడిద మీద కూర్చున్న ప్రభువు ప్రతిమ గురించి చెప్పారు. ఇప్పుడు దొరుకుతున్నవాటిలో అన్నిటికన్నా పాతది స్విట్జర్లాండ్‌లో స్టైనెన్ అనే ఊరిది, పదకొండో శతాబ్దపుది, జ్యూరిక్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. దాన్ని చూస్తే గోథిక్ అనే మధ్యయుగం చివరి శైలికి ముందు శిల్పం ఎలా ఉండేదో తెలిసిపోతుంది. నిటారుగా, బిగుసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటాడు. మీరు చూసిన క్లోయిస్టర్స్ విగ్రహం నాటికి నాలుగొందల ఏళ్ళు గడిచాయి, బట్టకి మడతలొచ్చాయి, ఒంటికి బరువొచ్చింది, ముఖంలో ఒక మనిషి కనిపిస్తాడు.

మరి ఊరేగింపు. ఊరి బయటనుంచో ఒక చర్చినుంచి ఇంకో చర్చికో లాక్కెళ్ళేవాళ్ళు. జనం కొమ్మలు, ఒక్కోచోట పైబట్టలు కూడా చక్రాల ముందు పరిచేవాళ్ళు. ఆ చలి దేశంలో తాటి మట్టలు ఎక్కడివి, అందుకని అప్పుడే మొగ్గ తొడిగిన విల్లో కొమ్మలు, ఆ మెత్తటి బూడిదరంగు మొగ్గలున్నవి. ఇప్పటికీ ఇక్కడ వాటినే ఆ వారం అమ్ముతారు. ఊరేగింపు అయ్యాక పిల్లల్ని ఎక్కించుకుని తిప్పడం కూడా ఉండేది, చిల్లర తీసుకుని మరీ. ఇంకో సరదా, మట్టల ఆదివారం పొద్దున ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా లేచినవాణ్ణి ఇప్పటికీ పాల్మ్‌ఏజెల్ అని ఏడిపిస్తారు. మా ఇంటి ఓనరమ్మ ఒకసారి నన్ను అలా పిలిస్తే తిట్టిందనుకున్నాను.

హడ్సన్_ఒడ్డున:
పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళా! మావాడు అక్కడ "నేను వెనకాల కూర్చుంటా" అని గొడవ. గార్డు నవ్వి, చెయ్యి మాత్రం తగలకూడదు బాబూ అన్నాడు. అంటే మావాడిది అల్లరి కాదన్నమాట, సంప్రదాయం.

సూటిగా గారు అన్న రథం మాట కూడా నాకు అప్పుడే తట్టింది. మా అమ్మమ్మది తిరుపతి, బ్రహ్మోత్సవాల్లో గరుడ వాహనం రోజున నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాళ్ళు. మూలవిరాట్టు కదలడు, ఉత్సవమూర్తి బయటికి వస్తాడు. అక్కడా అలాంటి తేడా ఏమైనా ఉందా?

తెనాలి_టీచర్:
పైకి అలాగే కనిపిస్తుంది గానీ ఒకటి కాదు. ఉత్సవమూర్తిలో స్వామి ఉన్నాడనే కదా మీరు హారతి ఇస్తారు. చర్చి వాళ్ళు ఈ ప్రతిమలో ప్రభువు ఉన్నాడని అనరు, ప్రభువు వచ్చిన రోజుని గుర్తుచేస్తుందంటారు. మా ప్రొటెస్టెంట్లం అయితే అసలు విగ్రహమే వద్దంటాం. నాకు విగ్రహాలతో పేచీ లేదు, కానీ రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఇసార్_గట్టు:
టీచర్ గారు చెప్పింది సిద్ధాంతం. ఆ ఊరి రైతు మనసులో ఏముందో ఎవరు చెప్పొచ్చారు? ఆ గొడవే జరిగింది కూడా. పదహారో శతాబ్దపు సంస్కరణవాదులకి, అంటే మొదటి ప్రొటెస్టెంట్లకి, కోపం వచ్చింది సరిగ్గా దీనికే, జనం చెక్క గాడిదకి దణ్ణాలు పెడుతున్నారని. జ్యూరిక్‌లో 1524లో నగర సభ చర్చిల్లోంచి ప్రతిమలన్నీ తీసెయ్యమంది, బాసెల్‌లో 1529లో జనమే మీదపడి పగలగొట్టారు. గాడిదలకి మరీ ఎక్కువ ఎగతాళి దక్కింది, ఎందుకంటే అది వీధిలోకి వచ్చే విగ్రహం, అందరికీ కనపడుతుంది. నరికారు, పొయ్యిలో పెట్టారు, నీళ్ళలో పారేశారు. కేథలిక్ ప్రాంతాల్లో మిగిలినవాటికి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రెండో గండం, ఈసారి కేథలిక్ పెద్దలనుంచే. సాల్జ్‌బర్గ్ ఆర్చ్‌బిషప్ కొలొరెడో, అదే సంగీతకారుడు మోజార్ట్‌తో పడకపోయిన ఆయన, ఇవన్నీ పల్లెటూరి మూఢత్వం అని ఆపించాడు. అంటే ముందు కొట్టినవాళ్ళు ఇది మరీ విగ్రహారాధన అన్నారు, తర్వాత వద్దన్నవాళ్ళు ఇది మరీ ఆటబొమ్మ అన్నారు.

మీరడిగిన తేడా మాత్రం ఉంది. చర్చిలో బలిపీఠం వెనక నిలబెట్టే పెద్ద చెక్క బల్లలు, తలుపులతో, బొమ్మలతో ఉండేవి, అవి కదలవు. కదిలే ప్రతిమలు వేరే వర్గం. భుజాల దగ్గర కీలు పెట్టిన సిలువ మీది యేసు ఉంటాడు, గుడ్ ఫ్రైడే రోజు మేకులు తీసి, చేతులు కిందికి మడిచి సమాధిలో పడుకోబెట్టేవాళ్ళు. యేసు పరలోకానికి ఎక్కిపోయిన ఆరోహణం పండగకి ఇంకో ప్రతిమ, దానికి తాడు కట్టి చర్చి కప్పులో ఉన్న కంతలోంచి పైకి లాగేసేవాళ్ళు, జనం తలెత్తి చూస్తుండగా పాదాలు మాయమయ్యేవి. పది రోజుల తర్వాత, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండగకి అదే కంతలోంచి చెక్క పావురం దిగేది. పాత చర్చిల్లో కొన్నిట్లో ఆ కంత ఇప్పటికీ ఉంది, నేను కప్పు వైపు చూస్తూ నిలబడితే అందరూ ఏముందా అని చూస్తారు.

సూటిగా:
సరే, నేను వెటకారం ఆపేస్తున్నా. ఆ తాడుతో పైకి లాగే విగ్రహం గురించి చదివాక నిజంగా చూడాలనిపిస్తోంది.

పొణికి_చెక్క:
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను. మాది కొండపల్లి పక్కన. మా పెదనాన్న బొమ్మలు చేసేవారు, నేను నేర్చుకుని వదిలేశాను. లిండెన్ గురించి మీరు చెప్పిన మాటలు, మెత్తన, పోగు ఒకేలా, పెచ్చు లేవదు, ఇవన్నీ మేం మా బొమ్మల చెక్క తెల్ల పొణికి గురించి చెప్పుకునేవే. పొణికి ఇంకా తేలిక. మేం ముక్కలు విడివిడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి ఆరాక రంగు వేస్తాం. వాళ్ళు ఏం చేసేవాళ్ళు? సున్నం లాంటిది ఏదో ఒకటి పుయ్యకుండా చెక్క మీద నేరుగా రంగు నిలవదు, పీల్చేస్తుంది.

ఇంకోటి. మనిషంత ఎత్తు బొమ్మని ఒకే దుంగలో చెక్కితే నాలుగేళ్ళలో నిలువునా పగులుతుంది. మధ్యలో ఉండే కండ బయటి కండ ఒకేసారి ఆరవు. ఎలా తట్టుకున్నారు?

ఇసార్_గట్టు:
అన్నా, ఇన్నాళ్ళు ఎక్కడున్నారు! పగులు సంగతికి జవాబు: వెనకనుంచి తొలిచేసేవాళ్ళు. గోడకి ఆనించే విగ్రహాన్ని వెనక్కి తిప్పి చూస్తే లోపల దోనెలా ఉంటుంది, మాను నడిబొడ్డు మొత్తం తీసేస్తారు. కానీ గాడిద విగ్రహాన్ని ఊళ్ళో అన్ని వైపులనుంచీ చూస్తారు, వెనక అని దాచుకునే వైపే లేదు. అందుకని ముక్కలుగా చేసి కలపడం తప్పదు.

రంగుకి కూడా మీ పద్ధతే, పేర్లే వేరు. సుద్దపొడిని జంతువుల చర్మంనుంచి కాచిన జిగురులో కలిపి పూత మీద పూత వేసి, ఆరాక నున్నగా గీకి, దాని మీద రంగు. బంగారం వచ్చేచోట ముందు ఎర్రటి మట్టి పూత వేస్తారు, దాని మీద రేకు అతికి మెరుగు పెడతారు. చాలా ఊళ్ళలో చెక్కేవాడు ఒకడు, రంగు వేసేవాడు వేరొకడు, వాళ్ళ సంఘాలు వేరు, గొడవలు వేరు. రంగు వేసేవాడికి కూలి తక్కువేం కాదు. మనం ఇప్పుడు శిల్పి పేరు వెతుక్కుంటాం గానీ ఆ ముఖానికి ప్రాణం పోసింది రంగువాడే కావచ్చు.

హడ్సన్_ఒడ్డున:
నాకు రంగు పెచ్చులూడి చెక్క కనిపిస్తుంటేనే బాగున్నట్టనిపించింది. కొత్తలో ముఖానికి గులాబీ రంగు, బుగ్గలకి ఎరుపు ఊహించుకుంటే కొంచెం ఎబ్బెట్టుగా ఉంది.

పొణికి_చెక్క:
ఇది మీరొక్కరే కాదు, మా బొమ్మలు కొనడానికి వచ్చే సిటీ వాళ్ళూ అంటారు, రంగు వెయ్యకుండా ఇవ్వండి అని. మా పెదనాన్నకి ఒళ్ళు మండేది. రంగు లేకుండా ఇస్తే అది బొమ్మ కాదు, పని మధ్యలో ఆపేసింది అనేవారు.

ఇసార్_గట్టు:
పెదనాన్న గారితో నూటికి తొంభై పాళ్ళు ఏకీభవిస్తాను. మిగతా పది ఎందుకంటే, అదే క్లోయిస్టర్స్‌లో కూర్చున్న బిషప్ విగ్రహం ఒకటుంది, టిల్‌మన్ రీమెన్‌ష్నైడర్ చేసింది, సుమారు 1495 నాటిది, అదీ లిండెనే. ఈయన వ్యుర్ట్స్‌బర్గ్‌లో పెద్ద పనిశాల నడిపాడు, కొన్ని పనుల్ని కావాలనే రంగు వెయ్యకుండా వదిలేసిన మొదటివాళ్ళలో ఒకడు. మ్యూనెర్‌ష్టాట్ అనే ఊరికి ఆయన చేసిచ్చిన పీఠపు బల్లకి రంగు లేదు, పదేళ్ళు తిరిగాక ఊరివాళ్ళే ఫైట్ ష్టోస్‌ని పిలిచి రంగు వేయించారు. ఫైట్ ష్టోస్ అంటే చిన్నవాడు కాదు, పోలండ్‌లో క్రాకోవ్ చర్చిలోని ఆ మహా పీఠం (1477 నుంచి 1489 దాకా పట్టింది) చేసినవాడు. ఒక మహాశిల్పి పనికి ఇంకో మహాశిల్పి రంగు వెయ్యడం! చూడబోతే ఆ ఊరివాళ్ళూ పెదనాన్న గారి పార్టీయే. రీమెన్‌ష్నైడర్ తర్వాత నగర మేయర్ అయ్యాడు, 1525 రైతుల తిరుగుబాటులో బిషప్‌కి ఎదురు తిరిగిన వైపు ఉండి జైల్లో పడ్డాడు, చిత్రహింసలు పెట్టారు. అది వేరే పోస్టులో మాట్లాడుకుందాం.

పెచ్చులూడిన అందం గురించి ఒక్క మాట. ఇప్పుడు కనిపించే రంగు మొదటిదే అని గ్యారంటీ లేదు. వాడే విగ్రహానికి ప్రతి రెండు మూడు తరాలకీ కొత్త రంగు పడుతుంది, వానలో తడుస్తుంది, గతుకుల్లో అదురుతుంది. మ్యూజియం వాళ్ళు ఆవగింజంత పెచ్చు తీసి అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే పొరలు పొరలుగా కనిపిస్తాయి. పలక, చక్రాలు అయితే అన్నిటికన్నా ముందు అరిగేవి అవే, చాలా మ్యూజియాల్లో మనం చూసే చక్రాలు తర్వాత వేసినవే.

తెనాలి_టీచర్:
ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇదంతా విన్నాక నాకు ఆ గాడిద మీద జాలేస్తోంది. ఏడాదికి ఒక్కరోజు వీధిలోకి రావడానికే దాన్ని చేశారు. ఇప్పుడు గదిలో పెట్టి ముట్టుకోవద్దంటారు. ఇంతకన్నా ఆ ఊళ్ళోనే ఉండి ఉంటే?

సూటిగా:
ఊళ్ళోనే ఉంటే పురుగు తినేసేది టీచర్ గారూ. లేదా పైన చెప్పిన పొయ్యిలోకి.

ఇసార్_గట్టు:
రెండూ నిజమే. 19వ శతాబ్దంలో అటకల మీద, గంటల గోపురాల్లో పడున్నవాటిని సేకర్తలు కొనకపోతే మనకి మిగిలేవి కావు. న్యూరెంబర్గ్ జర్మానిషెస్ మ్యూజియంలో ఒకటి, లండన్ విక్టోరియా ఆల్బర్ట్‌లో ఒకటి ఉన్నాయి, అన్నిటికీ దాదాపు ఇదే కథ. కానీ టీచర్ గారి బెంగ కాస్త తీరే విషయం ఒకటుంది. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ పక్కన థౌర్ అనే పల్లెలో ఇప్పటికీ మట్టల ఆదివారం చెక్క గాడిదని బయటికి తెస్తారు. నేను రెండేళ్ళ కిందట వెళ్ళాను. పొద్దున్నే చలి, ముందు బ్యాండు, టీచర్ గారి బ్యాండే అనుకోండి, వెనక పిల్లలు తమకన్నా పొడుగున్న కర్రలకి విల్లో కొమ్మలు కట్టుకుని. గాడిద మాత్రం బెదరలేదు. మ్యూజియంలో ఎన్నిసార్లు చూసినా తట్టనిది అక్కడ తెలిసింది. విగ్రహం కదులుతుంటే యేసు తల జనం తలలకి పైన, పొలాల మీదుగా, నింపాదిగా తేలుతున్నట్టు వెళ్తుంది. కింద గాడిద కనపడదు, మనుషులు అడ్డం. ఆ ముఖం ఎవర్నీ చూడకుండా ఎటో ముందుకు ఎందుకు చూస్తుందా అనుకునేవాణ్ణి. ప్రయాణంలో ఉన్నవాడి చూపు అది.

హడ్సన్_ఒడ్డున:
ఇది చదివి ఫోన్లో ఫొటోలు మళ్ళీ చూశాను. నేను తీసినవన్నీ నిలబడి, ముఖానికి ఎదురుగా. మావాడు నా ఫోన్ లాక్కుని తీసిన ఒక్కదాంట్లో మాత్రం కిందనుంచి పైకి, గాడిద గడ్డం, దాని పైన దీవించే చెయ్యి. వాడి ఫొటోయే బాగుంది.

పొణికి_చెక్క:
ఆ ఫొటో పెట్టండి సార్. ఇంకోసారి వెళ్తే గాడిద కాళ్ళు పక్కనుంచి దగ్గరగా తియ్యండి. కాళ్ళకి పోగు నిలువుగా ఉండాలి, ఒంటికి అడ్డంగా ఉండాలి, లేకపోతే బరువుకి మోకాలి దగ్గర విరుగుతుంది. అంటే ఎక్కడో ఒకచోట అతుకు ఉండాలి. ఆ అతుకు ఎక్కడ దాచాడో చూడాలని నాకు రెండ్రోజులనుంచీ ఒకటే తపన. చెవులు కూడా చూడండి, మేమైతే చెవులు విడిగానే పెడతాం.

హడ్సన్_ఒడ్డున:
రేపే వెళ్దామనుకున్నాను గానీ రేపు బుధవారం, మూసేస్తారు. శనివారం వెళ్తాం. మావాడికి చెప్పాను, కాళ్ళూ చెవులూ ఫొటో తియ్యాల్సింది నువ్వేరా అని.